ఏరియాకి గ్రేడు వేయమన్నాడు, సందుకి వేశాను

మా బావమరిది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. సంక్రాంతికి ముందు ఒకరోజు వాట్సాప్‌లో ఎక్సెల్ షీట్ పంపాడు, ఎడమ వైపు హైదరాబాద్ ఏరియాల పేర్లు ఒక అరవై దాకా, కుడి వైపు ఖాళీ గళ్ళు. "బావా, నువ్వు పక్కన ఏ, బి, సి, డి అని గ్రేడ్ వేసెయ్, నీకు తెలిసిందే కదా, ఒక గంట పని" అన్నాడు. వాడికి ఇక్కడ ఒక ఫ్లాట్ కొనాలి, అద్దెకి ఇవ్వాలి, పదేళ్ళ తర్వాత అమ్మాలి. ఆ గంట పని నాకు నాలుగు నెలలు పట్టింది, మధ్యలో రెండు సార్లు మా ఆవిడతో గొడవ కూడా అయింది, మొదటిది ఆదివారాలన్నీ వీటికే పోతున్నాయని.

అమెరికాలో ఇళ్ళు కొని అద్దెలకిచ్చే వాళ్ళందరికీ ఈ ఏబీసీడీల అలవాటు ఉందట. కొత్త ఇళ్ళు, మంచి జీతాలు, మంచి స్కూళ్ళు ఉంటే ఏ. కొంచెం పాతవైతే బి. పాత ఇళ్ళు, రోజు పనికి వెళ్ళే జనం ఉంటే సి. రాత్రిపూట కారు దిగడానికి ఆలోచించేది డి. ఏలో పెట్టిన డబ్బుకి అద్దె తక్కువగా వస్తుంది కానీ తలనొప్పి ఉండదు, సిలో అద్దె బాగా గిడుతుంది కానీ టెనెంట్‌తో సర్కస్, ఇదీ లెక్క. వినడానికి బాగానే ఉంది, నేనూ కూర్చుని మొదటి రోజు రాత్రి టకటకా వేసేశాను, జూబ్లీహిల్స్ ఏ, కొండాపూర్ ఏ, కూకట్‌పల్లి బి, ఉప్పల్ సి... అలా ఒక పాతిక వేశాక నాగోల్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే అక్కడ మా మామయ్య ఫ్లాట్ ఉంది. తెల్లాపూర్ దగ్గర ఇంకోసారి ఆగింది, అక్కడ నాది ఉంది.

ఆ రెండు ఫ్లాట్ల కథ చెప్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నేను 2018లో తెల్లాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో త్రీ బెడ్రూమ్ బుక్ చేశాను, బిల్డర్ పేరు ఎందుకులెండి. అప్పుడు కట్టే ఇంటి మీద జీఎస్టీ 12 శాతం పడేది, 2019 ఏప్రిల్ నుంచి 5కి తగ్గింది, అంటే నేను సరిగ్గా తగ్గే ముందు కట్టిన పుణ్యాత్ముడిని. 2020 డిసెంబర్‌కి తాళాలు ఇస్తామన్నారు, 2022 చివర్లో ఇచ్చారు. ఈలోగా రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5కి పెరిగింది, అది 2021 జూలైలో. ఇంటీరియర్లతో కలిపి 85 లక్షలు తేలింది. ఇప్పుడు కోటీ పదికి పోతుందంటారు, అంటారు అంతే, ఎందుకంటే మా కమ్యూనిటీలోనే నాలాంటివి పద్నాలుగు ఫ్లాట్లు అమ్మకానికి పెట్టి ఉన్నాయి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అద్దె 27 వేలు. మొదటి రెండేళ్ళలో ఐదు నెలలు ఖాళీ.

మామయ్యది నాగోల్‌లో ఒక స్టాండలోన్ అపార్ట్‌మెంట్, లిఫ్ట్ ఎప్పుడూ మూలుగుతూ ఉంటుంది, పార్కింగ్‌లో కారు పెట్టాలంటే ఇంకో ఇద్దరికి ఫోన్ చేయాలి. 2009లో 19 లక్షలకి కొన్నాడు. ఇప్పుడు ఒక 52 లక్షలు చేస్తుంది, అద్దె 15,500. ఈ పదహారేళ్ళలో మొత్తం ఖాళీగా ఉన్నది మూడు నెలలు. టూలెట్ బోర్డు పెట్టడమే లేదు, ఖాళీ చేసే వాళ్ళే వాళ్ళ చుట్టాలనో ఆఫీస్ ఫ్రెండ్‌నో తెచ్చి పెట్టి వెళ్తారు.

లెక్క వేస్తే నాది ఏడాదికి 3 లక్షల 24 వేలు, కోటీ పది మీద మూడు శాతం కూడా లేదు. ఆయనది లక్షా 86 వేలు, 52 మీద మూడున్నర పైన. పెద్ద తేడానా అంటే కాదు, కానీ అందరి షీట్లలో నాది ఏ, ఆయనది సి. నా ఈఎంఐ 60 వేలు దాటుతుంది, ప్రతి నెలా ఐదో తారీఖున నాకు ఆ ఏ గ్రేడ్ గుర్తొస్తుంది.

సరే అని అసలు వాడి షీట్‌లో కాలమ్‌లు ఏంటో చూశాను. మొదటి కాలమ్ స్కూల్ రేటింగ్. ఫ్రిస్కోలో ఇంటి అడ్రస్‌ని బట్టి గవర్నమెంట్ స్కూల్ వస్తుంది, మంచి స్కూల్ పరిధిలోకి వచ్చే ఇంటికీ రోడ్డు అవతల ఇంటికీ రేటే వేరు. మన దగ్గర పిల్లలు స్కూల్ బస్‌లో ఇరవై కిలోమీటర్లు పోతారు, ఉదయం ఆరున్నరకి నిద్రమొహాలతో సందు చివర నిలబడి ఉంటారు పాపం. అడ్రస్‌కీ స్కూల్‌కీ ముడి లేదు, కాబట్టి ఆ కాలమ్ సగం చచ్చిపోయింది. రెండోది ప్రాపర్టీ ట్యాక్స్, టెక్సస్‌లో ఇంటి విలువ మీద ఏడాదికి దాదాపు రెండు శాతం, మన దగ్గర అది పండక్కి బట్టలు కొన్నంత. మూడోది క్రైమ్, అది మన దగ్గర అద్దెని పెద్దగా కదిలించగా నేను చూడలేదు. పోతే వాడి షీట్‌లో అసలు లేనిది మనకి అన్నిటికంటే ముందు ఉండాల్సింది, కాగితం. అక్కడ టైటిల్ కంపెనీ అని ఒకటి ఉంటుంది, ఇన్సూరెన్స్ ఇస్తుంది, రేపు ఎవడో వచ్చి ఈ స్థలం మా తాతదన్నా వాళ్ళు చూసుకుంటారు. మనకి రిజిస్ట్రేషన్ ఆఫీస్‌లో ముద్ర వేసి ఇచ్చేది ఫలానావాడు ఫలానావాడికి అమ్మాడు అనే కాగితం మాత్రమే, అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందో లేదో ఆ ముద్ర చెప్పదు. ఈ ముక్క ఎంతమంది చదువుకున్నవాళ్ళకి తెలియదో, రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అంటారు ధీమాగా.

మాదాపూర్ అయ్యప్ప సొసైటీ చూడండి. హైటెక్ సిటీకి కూతవేటు దూరం, గల్లీ గల్లీకి హాస్టళ్ళు, మంచానికి ఇంత అని అద్దె, ఖాళీ అన్నమాటే ఉండదు. అద్దె కాలమ్‌లో దానికి ఏ కాదు, ఏ ప్లస్ వేయాలి. కానీ అవి గురుకుల్ ట్రస్ట్ భూములు, 600 ఎకరాల పైన వివాదం, పర్మిషన్లు లేవు, రిజిస్ట్రేషన్లు లేవు, 2014లో జీహెచ్ఎంసీ బుల్డోజర్లు దిగి కూల్చినప్పుడు టీవీల్లో చూసే ఉంటారు. కాగితం కాలమ్‌లో డి. ఇప్పుడు ఏరియాకి ఒక్క అక్షరం వేయమంటే ఏం వేయాలి, రెండూ కలిపి సగటు తీసి బి వేయాలా? అక్కడే నేను ఒక్క అక్షరం పద్ధతి వదిలేశాను, అద్దెకొకటి, కాగితానికొకటి, నీళ్ళకొకటి, అమ్ముడుపోవడానికొకటి, నాలుగు పెట్టాను, ఒక్కదాంట్లో డి వచ్చినా సరే మిగతావి చూడకుండా కొట్టెయ్యమని బావమరిదికి చెప్పాను.

కాగితం గురించి ఇంకొంచెం చెప్పాలి. శిఖం భూమి (చెరువు గర్భం), అసైన్డ్ భూమి, వక్ఫ్, భూదాన్, కాందిశీకుల భూమి, ఇలా అమ్మకానికి చిక్కులున్న భూములన్నీ మన ఊళ్ళో సర్వే నంబర్ల కింద నిద్రపోతుంటాయి. 22ఏ నిషేధిత జాబితా అని, రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది ఒకటుంది, ఆ సర్వే నంబర్ అందులో ఉందేమో చూసుకోవడం పది నిమిషాల పని, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా) ముప్పై ఏళ్ళది తీయించి లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల కాగితాలు, వరుసగా పేర్చి లాయర్‌కి చూపించడం ఇంకో వారం పని. ఈ వారం పని చేయడానికి బద్ధకించి, కలర్ బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మని అరగంట చూస్తాం. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు 111 జీవో సంగతి అందరికీ తెలిసిందే. గండిపేట, హిమాయత్ సాగర్ కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో కట్టడాలకి అడ్డం వేశారు, 2022లో జీవో 69 తెచ్చి సడలించామన్నారు, ఆ మాట వచ్చిన వారంలో మా ఆఫీస్‌లో ముగ్గురు అటు వెళ్ళి ఫామ్ ప్లాట్లు చూసొచ్చారు. గుంట అంటే 121 గజాలు, నాలుగు గుంటల ప్లాటు, మామిడి చెట్లు ఫ్రీ, డ్రిప్ ఫ్రీ, లేఔట్ పర్మిషన్ మాత్రం లేదు. ఇల్లు కట్టుకోవచ్చా అంటే "భవిష్యత్తులో కట్టుకోవచ్చు సర్" అన్నారట. ఆ భవిష్యత్తుకి నేను గ్రేడ్ వేయలేను.

ఇక నీళ్ళు. నీళ్ళు అంటే రెండు రకాలు, రావాల్సినవి రాకపోవడం, రాకూడనివి రావడం. రెండోది ముందు చెప్తా. 2020 అక్టోబర్ 13న పడ్డ వాన ఎవరూ మర్చిపోరు. టోలిచౌకి నదీమ్ కాలనీలో పడవల మీద జనాన్ని తీశారు, రోజుల తరబడి నీళ్ళు పోలేదు, పక్కనే షాహతం చెరువు, కాలనీ ఉన్నదే దాని పల్లంలో. అదే టోలిచౌకిలో కొంచెం ఎత్తు మీదున్న సందుల్లో మర్నాడు మామూలుగా చాయ్ అమ్ముకున్నారు. మరి టోలిచౌకికి ఏం గ్రేడ్ వేస్తారు? నిజాంపేట్ భండారీ లేఔట్ 2016 సెప్టెంబర్‌లో మునిగింది, సెల్లార్లలో కార్లు తేలాయి, రెండు వీధుల పైకి వెళ్తే అక్కడి వాళ్ళకి న్యూస్‌లో చూస్తే గానీ తెలియలేదు. అందుకే ఏరియా పేరు చెప్పి గ్రేడ్ అడిగితే నాకు నవ్వొస్తుంది. చెరువు ఏరియాని చూసి పొంగదు, పల్లం చూసి పొంగుతుంది.

2024 జూలైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక జనానికి ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు నోటికొచ్చాయి. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్, పాతిక ఎకరాలు దాటిన చెరువైతే దాని చుట్టూ ఏమీ కట్టకూడని ఇంకో 30 మీటర్లు బఫర్. ఒకప్పుడు "లేక్ వ్యూ" అంటే గజానికి ఐదు వేలు ఎక్కువ చెప్పేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట అనడానికి మార్కెటింగ్ పిల్లలు కూడా కొంచెం తడబడుతున్నారు, మొన్న ఒక అబ్బాయి "వాటర్ బాడీ దూరంగా ఉంది సర్, కనిపిస్తుంది కానీ దూరం" అన్నాడు. హెచ్ఎండీఏ చెరువుల సైట్‌లో మ్యాపులు ఉంటాయి, సర్వే నంబర్‌తో పోల్చుకోవాలి. దానికంటే మంచి పద్ధతి, వాన పడ్డ మర్నాడు వెళ్ళి కాంపౌండ్ గోడల మీద బురద గీత ఎంత ఎత్తులో ఉందో చూడటం. సున్నం వేసి దాచినా కరెంట్ మీటర్లు ఉన్నట్టుండి నాలుగడుగులు పైకి మార్చి బిగించి ఉంటే అర్థం చేసుకోండి.

రావాల్సిన నీళ్ళ సంగతి ఏప్రిల్, మే నెలల్లో తెలుస్తుంది. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికే ఏరియాలు పడమర వైపు ఎన్ని ఉన్నాయో చెప్తే కొన్న వాళ్ళకి కోపం వస్తుంది (నాకూ వస్తుంది, నాదీ అదే కదా). గత ఎండాకాలం మా కమ్యూనిటీ గ్రూప్‌లో మెయింటెనెన్స్ పెంచాలని మెసేజ్ వచ్చింది, ట్యాంకర్ల ఖర్చు. టెనెంట్ ఫోన్ చేసి "సర్, మెయింటెనెన్స్ పెరిగింది కాబట్టి అద్దె తగ్గించండి" అన్నాడు, తగ్గించాను. నాగోల్‌లో మామయ్య టెనెంట్ రోజు మార్చి రోజు వచ్చే నల్లా నీళ్ళు పట్టుకుని హాయిగా ఉన్నాడు.

వాసన. ఇది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ వాసన గాలి తిరిగితే దమ్మాయిగూడ, నాగారం దాకా వస్తుంది, బొల్లారం వైపు కెమికల్ వాసన రాత్రిళ్ళు బాచుపల్లి, మియాపూర్‌ల మీదకి వస్తుంది, నేను మియాపూర్‌లో అద్దెకుంటున్నాను కాబట్టి ప్రత్యక్ష సాక్షిని. ఏజెంట్ మనల్ని ఎప్పుడు తీసుకెళ్తాడు? పొద్దున పదకొండుకి, ఆదివారం, రోడ్డు ఖాళీగా, ఎండ కాస్తూ ఉన్నప్పుడు. అందుకే నేను ప్రతి సందుకీ మూడు సార్లు వెళ్ళాను, మంగళవారం పొద్దున తొమ్మిదికి ఒకసారి, వాన మర్నాడు ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి. వెళ్ళి ఎవరినడగాలి అంటే ఇస్త్రీ బండి అతన్ని. ఏ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఇళ్ళు ఖాళీ, ఎవరు ఎందుకు వెళ్ళిపోయారు, ఏ ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వడు, అన్నీ ఆయన దగ్గర ఉంటాయి, చేతిలో పని ఆపకుండా చెప్తాడు. వాచ్‌మన్‌ని కూడా అడగొచ్చు కానీ ఆయనకి ఫ్లాట్ అమ్ముడుపోతే ఏదో ముడుతుంది, కాబట్టి కొంచెం తగ్గించుకుని వినాలి.

ఇంకో కాలమ్ నేను సొంతంగా పెట్టాను, బావమరిది చూసి నవ్వాడు. దాని పేరు ఊరి బస్సు. హైదరాబాద్‌లో జనం ఎక్కడ స్థిరపడ్డారో చూడండి. నల్గొండ వాళ్ళు ఎల్‌బీనగర్, వనస్థలిపురం, నాగోల్. వరంగల్ వాళ్ళు ఉప్పల్, బోడుప్పల్. కరీంనగర్ వాళ్ళు అల్వాల్, సుచిత్ర. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కూకట్‌పల్లి, నిజాంపేట్, ప్రగతినగర్, అక్కడైతే రాత్రి తొమ్మిదింటికి ట్రావెల్స్ బస్సులు ఇంటి ముందు ఎక్కించుకున్నంత పని చేస్తాయి. శుక్రవారం సాయంత్రం బ్యాగ్ తగిలించుకుని ట్రాఫిక్‌లో ఊరంతా దాటకుండా సొంతూరి రోడ్డెక్కగలగాలి, అంతే. మా మామయ్యది సూర్యాపేట దగ్గర, ఆయన నాగోల్‌లో కొనడానికి కారణం మార్కెట్ స్టడీ కాదు, ఊరి బస్సు. 2009లో అక్కడ మెట్రో లేదు, 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మియాపూర్‌కి మెట్రో మొదలైంది, 2019 నవంబర్‌కి రాయదుర్గం దాకా పోయింది, దాంతో నాగోల్‌లో ఉండి హైటెక్ సిటీలో పనిచేసే వాళ్ళు తయారయ్యారు. తార్నాక, హబ్సిగూడ రీసెర్చ్ సంస్థల వాళ్ళు, పోచారం ఇన్ఫోసిస్ వాళ్ళు ముందే ఉన్నారు. ఒక్క కంపెనీనో ఒక్క పార్కునో నమ్ముకోని టెనెంట్లు అన్నమాట, నాకు మాత్రం మొత్తం టెనెంట్లు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచే రావాలి, అక్కడ వర్క్ ఫ్రం హోం అంటే ఇక్కడ నా ఇల్లు ఖాళీ.

మెట్రో వచ్చింది కాబట్టి అలా అన్నాను, "రాబోతోంది" అయితే మార్కులు సున్నా. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలుపెట్టారు, ఆరు కిలోమీటర్ల పైచిలుకు, స్తంభాలు లేచాయి, ఏళ్ళకేళ్ళు స్తంభాలుగానే నిలబడ్డాయి, కింద రోడ్డు గుంతలు, దుమ్ము, షాపులకి గిరాకీ లేదు. దాన్ని చూపించి మేడిపల్లిలో రేటు పెంచి అమ్మినవాళ్ళు బాగుపడ్డారు, కొన్నవాళ్ళు దుమ్ము తిన్నారు.

పడమర వైపు ఇంకో సంగతి జనం లెక్కలోకి తీసుకోరు. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) మీద పరిమితి లేదు, 2006 నుంచీ. స్థలం ఉండి, రోడ్డు వెడల్పు ఉండి, ఎత్తుకి పర్మిషన్లు తెచ్చుకోగలిగితే నలభై, యాభై అంతస్తులు కట్టుకోవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయిందని పేపర్లో రాగానే మా కమ్యూనిటీ గ్రూప్‌లో స్వీట్ల బొమ్మలు పెట్టుకున్నారు, నేనూ పెట్టాను. తర్వాత మెల్లగా వెలిగింది, ఎకరానికి వంద కోట్లు పెట్టినవాడు అక్కడ పది అంతస్తులు కట్టి ఊరుకోడు కదా, ఆకాశంలోకి వేల ఫ్లాట్లు లేపుతాడు, అవన్నీ కొత్తవి, నాది అప్పటికి పాతది, టెనెంట్ కొత్తదానికి పోతాడు. పైగా పంచుకునే భూమి ఎంత? నా డాక్యుమెంట్‌లో అవిభాజ్య వాటా 31 గజాలు, మామయ్యది 48 గజాలు. బిల్డింగ్ ఏటేటా అరిగిపోతుంది, పెరిగేది కింద నేల ఒక్కటే, ఆ నేల ఆయనకి నాకంటే ఒకటిన్నర రెట్లు ఉంది, నేను కట్టిన డబ్బులో నాలుగో వంతు పెట్టి.

షీట్ పూర్తవుతుండగా ఒకటి గమనించాను, బావమరిది రాసిన అరవై పేర్లలో మూసీకి దక్షిణాన ఉన్నవి నాలుగు కూడా లేవు. పాతబస్తీ వైపు పేరే ఎత్తలేదు. అడిగితే "అటు మనకెందుకు బావా" అన్నాడు. ఒరేయ్, ఇలాంటి ఏబీసీడీలు మీ అమెరికాలో ఒకప్పుడు ఏం చేశాయో తెలుసా అని వాడికి ఫోన్‌లో క్లాస్ పీకాను. 1930ల్లో అక్కడ హెచ్ఓఎల్‌సీ అని ఒక ప్రభుత్వ సంస్థ 200కి పైగా నగరాలకి రంగుల మ్యాపులు గీసింది, ఏ అయితే ఆకుపచ్చ, బి నీలం, సి పసుపు, డి ఎరుపు. నల్లవాళ్ళు ఉన్న వీధులకి ఎర్ర రంగు పడింది, ఎర్ర రంగు పడ్డ చోట అప్పు పుట్టడం గగనమైంది, అప్పు లేకపోతే ఇల్లు బాగుచేసుకోలేరు, బాగుచేయకపోతే ఇల్లు పాడవుతుంది, చూశారా డి అన్నాం డి అయింది అని మళ్ళీ వాళ్ళే. 1968లో చట్టం చేసి ఆ వివక్ష కుదరదన్నారు. ఇక్కడ మ్యాపు గీయలేదు కానీ ఫలానా పిన్‌కోడ్ అనగానే లోన్ మనిషి గొంతు మారిపోవడం మనం వినలేదా, ఫలానా పేరున్నవాడికి ఇల్లు లేదు, వెజ్ ఓన్లీ, బ్యాచిలర్స్‌కి లేదు అని బోర్డులు చూడలేదా. నేను అత్తాపూర్, చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్ చేర్చాను. సంతోష్‌నగర్‌లో ఒక సందుకి అద్దెలో ఏ వేశాను, టూలెట్ బోర్డు కోసం అరగంట తిరిగితే ఒక్కటి కనిపించలేదు. వాడు కొంటాడో లేదో వాడిష్టం, గడి ఖాళీగా మాత్రం వదలను.

ఇప్పుడు షీట్‌లో అరవై ఏరియాలు లేవు, ఇరవై రెండు సందులు ఉన్నాయి. అందులో కాగితం మీదే తొమ్మిది పోయాయి. నీళ్ళ మీద ఇంకో ఐదు. మిగిలిన ఎనిమిదిలో మూడు నాగోల్, హబ్సిగూడ వైపు, రెండు సైనిక్‌పురి, ఒకటి కేపీహెచ్‌బీ పాత ఫేజుల్లో, ఒకటి సంతోష్‌నగర్‌ది, ఒకటి నల్లగండ్ల. తెల్లాపూర్‌లో నా సందుకి విడిగా అద్దె బి, కాగితం ఏ, నీళ్ళు సి, అమ్ముడుపోవడం సి వేశాను, మా ఆవిడ చూసి "మనది మనమే తక్కువ చేసుకుంటామా" అంది. ఇది గొడవ నంబర్ టూ.

పోయిన శనివారం రాత్రి సైనిక్‌పురి సందు చివరిసారి చూడ్డానికి వెళ్తుంటే అత్తయ్య నేనూ వస్తానంది, కొడుకు కొనే ఇల్లు కదా. కారు అద్దం దించి కూర్చుంది. ఈసీఐఎల్ చౌరస్తా దాటాక "ఇదేనా ఆ డంపింగ్ యార్డ్ వాసన" అంది. కాదత్తయ్యా, అది పక్కన చేపల కూర సెంటర్ అన్నాను. ఒక పార్సిల్ తీసుకుని అక్కడే ఇంకో గంట కూర్చున్నాం, పదిన్నర దాకా ఏ వాసనా రాలేదు, కానీ ఆ రోజు గాలి పడమర నుంచి వీస్తోంది, ఇంకోసారి వెళ్ళాలి.